గేటు బయట ఆగిపోకూడని మాట

కాన్పు దగ్గర పడుతోందంటే మన ఇళ్లలో ఎన్ని ఏర్పాట్లు జరుగుతాయో చెప్పక్కర్లేదు. పాత నేతచీరలు ఉతికి మెత్తటి గుడ్డలు చింపుకోవడం, కాయం సరుకులు తెప్పించుకోవడం, మంచిరోజు చూసి అమ్మాయిని పుట్టింటికి తీసుకురావడం... పక్కింటావిడ దగ్గరున్న ఉయ్యాల కూడా ముందే అడిగి పెట్టుకుంటాం. ఒక్క మాట మాత్రం ఎవరూ ఎత్తరు. "అనుకున్నట్టు జరక్కపోతే ఏం చేద్దాం?" అని. పొరపాటున ఎవరైనా ఎత్తారా, "శుభమా అని పురుడొస్తుంటే ఆ పాడు మాటలేమిటే!" అని నోరు మూయించేస్తాం.

నేనూ అలా మూయించే రకాన్నే. అమెరికాలో ఉన్న మా చెల్లెలికి పురుడు పోయడానికి వెళ్లేదాకా.

గొడుగు పట్టుకెళ్తే వానొస్తుందా?

చెల్లెలు ఉండేది సియాటిల్ దగ్గర, అమెరికాలో పడమటి వైపు వాషింగ్టన్ రాష్ట్రంలో. అమ్మకి మోకాళ్ల నొప్పులు, అంతదూరం విమానంలో కూర్చోలేనంది. దాంతో నేను బయల్దేరాను. వెళ్లాక తెలిసింది, అది కాన్పుకి ఆసుపత్రిలో పేరు రాయించుకోలేదని! మిడ్‌వైఫ్‌లు నడిపే కాన్పుల కేంద్రంలో రాయించుకుందట. చూడబోతే మామూలు ఇల్లులాగే ఉంది. మంచాలు, వేణ్ణీళ్ల తొట్టి, చిన్న వంటగది. డాక్టరు లేరు, ఆపరేషన్ గది లేదు. నా గుండె గుభేలుమంది. "ఇంత చదువుకుని, ఇంత దూరం వచ్చి, మంత్రసాని చేతిలో పురుడా?" అనేశాను.

చెల్లెలు నవ్వింది. అక్కడి మిడ్‌వైఫ్‌లు చదువుకుని, పరీక్ష రాసి, లైసెన్సు తీసుకున్నవాళ్లు. ఆ రాష్ట్రంలో వాళ్ల లైసెన్సులకు 1917 నుంచే చట్టం ఉంది. బీపీ చూడటం, బిడ్డ గుండె చప్పుడు వినడం, కాన్పయ్యాక రక్తస్రావం ఎక్కువైతే ఇంజక్షన్ ఇవ్వడం, కుట్లు వేయడం, బిడ్డ వెంటనే ఏడవకపోతే ఊపిరి అందించడం... ఇవన్నీ వాళ్ల పనే. ఆరోగ్యంగా ఉండి, ప్రమాద సూచనలు కనిపించని తల్లులకే వాళ్లు పురుడు పోస్తారు. ఆపరేషన్, రక్తం ఎక్కించడం, నొప్పి తెలియకుండా వెన్నుకు మందివ్వడం మాత్రం వాళ్ల చేతిలో ఉండవు. వాటికి ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ముప్ఫై ఆరో వారంలో మిడ్‌వైఫ్ మమ్మల్ని ముగ్గుర్నీ కూర్చోబెట్టింది. చెల్లెల్ని, మరిదిని, నన్ను. "అర్ధరాత్రి రెండయింది, మనం ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చిందనుకుందాం. ఎవరేం చేస్తారో చెప్పండి" అంది. కారు ఎవరు నడుపుతారు? సంచీ ఎక్కడుంది? బీమా కార్డు ఎవరి దగ్గరుంది? అంబులెన్సు పిలవాల్సి వస్తే స్ట్రెచర్ ఏ తలుపులోంచి వస్తుంది? దారిలో ఉన్న కుర్చీలు ఎవరు తీస్తారు? మేం జవాబులు చెప్పడమే కాదు, లేచి చేసి చూపించాలి కూడా. నన్ను అడిగింది, "మీరు ఏ బండిలో వస్తారు?" అని. నేను బిక్కమొహం వేశాను. మరిది ఆ వారంలోనే ఓ రాత్రి కేంద్రం నుంచి ఆసుపత్రి దాకా కారు నడిపి, కాన్పుల వార్డుకి రాత్రిపూట ఏ గుమ్మం తెరిచి ఉంటుందో చూసొచ్చాడు.

నాకైతే చెల్లెలి చెవులు మూసేద్దామనిపించింది. ఇంటికొచ్చాక ఉండబట్టలేక "ఎందుకే ఈ అపశకునపు మాటలు?" అన్నాను. అది తాపీగా, "అక్కా, గొడుగు పట్టుకెళ్తే వానొస్తుందా?" అంది. సియాటిల్‌లో వానలెక్కువ. బయట కురుస్తూనే ఉంది.

వంద మందిలో ఎందరు?

ఇంతకీ ఇలా మధ్యలో ఆసుపత్రికి వెళ్లాల్సి రావడం ఎక్కడో ఒకరికి జరిగే ముచ్చటా? కాదు. అమెరికాలో 2004 నుంచి 2009 దాకా మిడ్‌వైఫ్‌లతో ఇంట్లోనే పురుడు పోసుకోవాలని మొదలుపెట్టిన 16,924 మంది తల్లుల వివరాలతో 2014లో ఒక అధ్యయనం వచ్చింది. వాళ్లలో నూటికి పదకొండు మంది దాకా నొప్పుల మధ్యలో ఆసుపత్రికి మారారు. తొలిచూలు వాళ్లయితే నూటికి 23 మంది. ఇంగ్లండ్‌లో 2011లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, ఇంటి దగ్గరే కాన్పు అనుకున్న తొలిచూలు తల్లుల్లో నూటికి 45 మంది కాన్పు సమయంలోనో, అయిన వెంటనేనో ఆసుపత్రికి చేరారు. అంతకుముందు కాన్పయినవాళ్లలో నూటికి 12 మంది.

అదే అధ్యయనం ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పింది. తొలిచూలు కాన్పు ఇంట్లో అనుకున్నవాళ్లలో బిడ్డకు తీవ్రమైన ఇబ్బందులు వెయ్యికి 9.3. డాక్టర్లుండే ఆసుపత్రిలో అనుకున్నవాళ్లలో వెయ్యికి 5.3. రెండో కాన్పు నుంచి అలాంటి తేడా కనిపించలేదు. కాబట్టి ఇంటి కాన్పే మంచిదని చెప్పడానికి నేనిది రాయడం లేదు. ఎక్కడ మొదలుపెట్టినా దారి మారే అవకాశం ఉంటుందనీ, ఆ మారే దారిని ముందే నడిచి చూసుకోవాలనీ చెప్పడానికే.

మరో విషయం. ఇలా మారేవాళ్లలో ఎక్కువమంది వెళ్లేది ప్రాణం మీదికొచ్చి కాదు. నొప్పులొస్తున్నా కాన్పు ముందుకు సాగక, తల్లి అలిసిపోయి వెళ్తారు. అంటే నింపాదిగా, మర్యాదగా జరిపించుకోవడానికి వీలున్న ప్రయాణమే అది. కానీ అలా నింపాదిగా జరగాలన్నా, నిజంగా నిమిషాలు లెక్కపెట్టే పరిస్థితి వస్తే తట్టుకోవాలన్నా, ముందు సాధన ఉండాలి.

ఆ రాత్రి

మా చెల్లెలికి శుక్రవారం తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి. రాత్రి పదకొండయినా తేలలేదు. గర్భాశయ ముఖద్వారం ఆరు సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయి ఐదు గంటలయింది. నడిపించారు, నీళ్లల్లో కూర్చోబెట్టారు, పక్కకి తిప్పి పడుకోబెట్టారు. ఊహూఁ. బిడ్డ గుండె చప్పుడు బాగానే ఉంది గానీ, ఇది మాత్రం నొప్పికీ నొప్పికీ మధ్య కళ్లు తేలేస్తోంది.

మిడ్‌వైఫ్ దాని పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "బిడ్డ బాగుంది. నువ్వూ బాగున్నావు. కానీ నీకిప్పుడు కావలసింది నా దగ్గర లేదు, ఆసుపత్రిలో ఉంది" అంది. చెల్లెలు ఏడ్చింది. ఓడిపోయాననుకుందో ఏమో. "వెళ్దాం" అని తనే అంది.

తర్వాత ఆవిడ ఆసుపత్రికి ఫోన్ చేస్తుంటే పక్కనే ఉండి విన్నాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఎవరిని తెస్తున్నారు, ఎందుకు తెస్తున్నారు, ఎన్ని గంటల నుంచి నొప్పులు, ఉమ్మనీరు ఎప్పుడు పోయింది, బిడ్డ గుండె ఎలా ఉంది, అత్యవసరం కాదు, కారులో వస్తున్నాం, ఇరవై నిమిషాల్లో ఉంటాం. అంతే. హడావుడి లేదు, సంజాయిషీ లేదు. మరిది "వదినగారూ, మీరు వెనక సీట్లో కూర్చోండి" అన్నాడు. సంచీ అప్పటికే కారులో ఉంది. నా చెప్పులు తప్ప ఎవరూ ఏమీ మర్చిపోలేదు!

కాన్పుల వార్డు గుమ్మంలో నర్సు నిలబడి ఉంది. చెల్లెల్ని పేరు పెట్టి పలకరించింది. గదిలోకి వెళ్లాక డాక్టరమ్మ చెల్లెలితో రెండు మాటలు మాట్లాడి, మిడ్‌వైఫ్ వైపు తిరిగి, "మీరు చూసింది చెప్పండి" అని నిలబడి వింది. ఆవిడ కాగితాలన్నీ అందించింది. అక్కడి నుంచి వైద్యం డాక్టరుది, ధైర్యం చెప్పే బాధ్యత మిడ్‌వైఫ్‌ది. ఇంటికి వెళ్లిపోలేదు, తలాపునే కూర్చుంది. వెన్నుకు మందిచ్చారు, నొప్పులు పెరగడానికి సెలైన్‌లో మందు పెట్టారు. చెల్లెలు నాలుగు గంటలు నిద్రపోయింది. పొద్దున్నే ఆడపిల్ల పుట్టింది, ఆపరేషన్ లేకుండానే.

అంతా బాగానే జరిగింది. కానీ "మీరు చూసింది చెప్పండి" అన్న ఆ మాట దగ్గర నాకు గొంతు పట్టేసింది. ముప్ఫై ఏళ్ల కిందటి ఇంకో గుమ్మం గుర్తొచ్చింది.

అవ్వ చెప్పలేకపోయిన మాట

మా అమ్మమ్మగారి ఊళ్లో మంత్రసానిని పిల్లలమంతా అవ్వా అనేవాళ్లం. ఊళ్లో సగంమంది ఆవిడ చేతిలో పుట్టినవాళ్లే. నాకు తొమ్మిదేళ్లప్పుడు, వేసవి సెలవుల్లో, వీధి చివరింటి అత్తకి నొప్పులొచ్చాయి. తెల్లారేసరికి మగపిల్లాడు పుట్టాడు. మాయ మాత్రం సరిగ్గా రాలేదు. రక్తం ఆగలేదు. మగవాళ్లు ఇంకొకసారి చూద్దాం, ఇంకొకసారి చూద్దాం అంటూ చాలాసేపు గడిపారు. చివరికి నులకమంచంతో సహా ట్రాక్టరెక్కించి పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లారు. అవ్వ, మా అమ్మమ్మ తోడు వెళ్లారు.

గేటు దగ్గరే అవ్వని ఆపేశారట. "మీలాంటివాళ్లు చేతులు పెట్టబట్టే ఇట్లా అవుతోంది" అని అందరి ముందూ తిట్టారట. మాయ ముక్కలుగా వచ్చిందనీ, ఒక ముక్క లోపలే ఉండిపోయిందనీ అవ్వకి తెలుసు. ఎంతసేపటి నుంచి రక్తం పోతోందో, ఎన్ని గుడ్డలు తడిసిపోయాయో కూడా తెలుసు. ఆవిణ్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఆవిడ చెప్పబోతే వినలేదు. వేపచెట్టు కింద కూర్చుని పొద్దుగూకేదాకా అదే మాట తనలో తను చెప్పుకుందని అమ్మమ్మ అనేది. అత్త తిరిగి రాలేదు.

ఆ మాట లోపలికి వెళ్లుంటే అత్త బతికేదని నేను చెప్పలేను. చాలా ఆలస్యం జరిగిపోయింది. కానీ తర్వాతి కాన్పుల్లో అవ్వ ఏం చేసిందో నాకు తెలుసు. కాస్త తేడాగా ఉన్నా "పట్నం తీసుకెళ్లండి" అనేది కానీ తను వెంట వెళ్లేది కాదు. తిట్లు తినడానికి ఎవరు వెళ్తారు?

తిడతారన్న భయమే ఆలస్యం

ఈ భయం మన ఊళ్లకే పరిమితం అనుకునేదాన్ని. అమెరికాలో కూడా ఉందట! ఆసుపత్రివాళ్లు చిన్నచూపు చూస్తారని మిడ్‌వైఫ్‌లు జంకడం, "ఇంటి కాన్పు చెడిపోయి మా నెత్తిన పడింది" అని ఆసుపత్రివాళ్లు విసుక్కోవడం, మధ్యలో తల్లి నలిగిపోవడం. ఫోన్ చెయ్యడానికి ఒక్క పది నిమిషాలు వెనకాడినా, ఆ పది నిమిషాలు తల్లీబిడ్డలవే కదా.

అందుకే వాషింగ్టన్ రాష్ట్రంలో 'స్మూత్ ట్రాన్సిషన్స్' అనే కార్యక్రమం నడుపుతున్నారు. సాఫీగా చేయి మార్చుకోవడం అనుకోవచ్చు. మిడ్‌వైఫ్‌లు, ఆసుపత్రి డాక్టర్లు, నర్సులు, అంబులెన్సు సిబ్బంది మామూలు రోజుల్లోనే ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటారు. ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఏ కాగితాలు రావాలి, ఎవరు ఎదురొస్తారు అని ముందే తేల్చుకుంటారు. ఇలా ఒక తల్లి వచ్చి వెళ్లాక మిడ్‌వైఫ్‌నీ, ఆసుపత్రివాళ్లనీ, ఆ తల్లినీ కూడా ఎలా జరిగిందని అడిగి తెలుసుకుంటారు. తప్పు ఎవరిదని తేల్చడానికి కాదు, తర్వాతి తల్లికి ఇంకా బాగా జరగడానికి. 2011లో అమెరికాలో డాక్టర్లు, మిడ్‌వైఫ్‌లు, తల్లులు కలిసి జరుపుకున్న సమావేశం తర్వాత దేశం మొత్తానికీ పనికొచ్చే సూచనలు కూడా రాసుకున్నారు. ముందుగా ఫోన్ చెయ్యాలి. ఆసుపత్రి చేరేదాకా మిడ్‌వైఫే చూసుకోవాలి. ఆసుపత్రివాళ్లు ఆవిడతో నేరుగా మాట్లాడాలి. వీలైనంతవరకు తల్లినీ బిడ్డనీ విడదీయకూడదు.

ఇక చెప్పే పద్ధతికి కూడా ఒక వరస ఉంది. ఇప్పుడేం జరుగుతోంది, ఇంతకుముందు సంగతేమిటి, నాకేమనిపిస్తోంది, మీ నుంచి ఏం కావాలి. ఈ నాలుగే. అమెరికా నావికాదళం జలాంతర్గాముల్లో వాడిన పద్ధతిని ఆసుపత్రులు తెచ్చుకున్నాయట. కంగారులో ఉన్న మనిషి కథంతా చెప్పి అసలు సంగతి మర్చిపోకుండా ఇది కాపాడుతుంది.

సాధన చేస్తే నిజంగా ఫలితం ఉంటుందా అంటే, బ్రిటన్‌లోని బ్రిస్టల్ నగరం చూడాలి. అక్కడి సౌత్‌మీడ్ ఆసుపత్రిలో 2000 నుంచి డాక్టర్లు, మిడ్‌వైఫ్‌లు కలిసి అత్యవసర కాన్పులను నాటకంలా ఆడి సాధన చేయడం మొదలుపెట్టారు. బిడ్డ తల బయటికొచ్చాక భుజం ఇరుక్కుపోయే కాన్పుల్లో, బిడ్డకు గాయాలు 9.3 శాతం నుంచి 2.3 శాతానికి తగ్గాయని 2008లో ప్రకటించారు. ఆసుపత్రి లోపలే ఇంత తేడా వచ్చిందంటే, రెండు చోట్ల మధ్య జరిగే ప్రయాణానికి సాధన ఎంత అవసరమో ఆలోచించండి.

మన సంగతి

మన దగ్గర ఇప్పుడు ఇంటి కాన్పులు బాగా తగ్గాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 కాన్పులు ఆసుపత్రుల్లోనే. మిడ్‌వైఫ్ అన్న మాట కూడా మనకి మళ్లీ దగ్గరైంది. తెలంగాణ ప్రభుత్వం 2017లో కరీంనగర్‌లో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫ్ శిక్షణ మొదలుపెట్టింది. హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ సంస్థ, యూనిసెఫ్ దానికి తోడ్పడ్డాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. మన మిడ్‌వైఫ్‌లు పనిచేసేది ఆసుపత్రుల్లోనే.

మరి మనకీ గొడవ లేదనుకుందామా? 'పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి' అన్న మాట వినని కుటుంబం ఎక్కడుంది చెప్పండి! ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి ఏరియా ఆసుపత్రికి, అక్కణ్నుంచి జిల్లా ఆసుపత్రికి, చిన్న నర్సింగ్‌హోమ్ నుంచి పెద్ద దానికి... చేతులు మారడం మనకీ ఉంది. తల్లుల ప్రాణాలు తీసే ఆలస్యాలు మూడని 1994లోనే పరిశోధకులు చెప్పారు. వెళ్దామని తేల్చుకోవడంలో ఆలస్యం, చేరడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. 2005లో వచ్చిన 108 బండి రెండోదాన్ని చాలా తగ్గించింది. మొదటిది మాత్రం మన ఇంట్లోనే ఉంది. మూడోదాంట్లోనూ మనం చేయగలిగింది కొంత ఉంది.

ఇంట్లో ముందే అనుకోవలసినవి

* ఏడో నెల దాటాక ఒకరోజు ఇంటిల్లిపాదీ కూర్చోండి. ఏ లక్షణం కనిపిస్తే ఎవర్నీ అడక్కుండా బయల్దేరాలో డాక్టరమ్మనో, ఆశా కార్యకర్తనో అడిగి రాసుకోండి. రక్తం పోవడం, విపరీతమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, ఫిట్స్, బిడ్డ కదలికలు తగ్గడం, నొప్పులు లేకుండానే ఉమ్మనీరు పోవడం వాటిలో ముఖ్యమైనవి.

* నిర్ణయం ఎవరిదో ముందే తేల్చండి. "మావయ్యగారు పొలం నుంచి రానీ" అని ఆగే పరిస్థితి ఉండకూడదు. ఇంట్లో ఉన్న ఆడవాళ్లు బయల్దేరదీయడానికి అందరూ ముందే ఒప్పుకోవాలి.

* మొదటి ఆసుపత్రే కాదు, అక్కడ కుదరకపోతే వెళ్లాల్సిన రెండో ఆసుపత్రి పేరు కూడా తెలుసుకోండి. రాత్రిపూట అక్కడ ఆపరేషన్ చేసే డాక్టరు, రక్తం దొరుకుతాయా అని అడగండి. ఒకసారి ఆ దారిలో వెళ్లి చూసి రండి.

* 108కి ఫోన్ చేసినప్పుడు ఏం చెప్పాలో ఇంట్లో పెద్ద పిల్లలకి కూడా నేర్పండి. ఊరు, వీధి, దగ్గరలో గుడో బడో, ఎన్నో నెల, ఏం జరుగుతోంది. ఒకసారి పైకి చెప్పించి చూడండి.

* మాతా శిశు సంరక్షణ కార్డు, స్కానింగ్ కాగితాలు, రక్తం గ్రూపు రాసిన చీటీ, ఆధార్, కాస్త డబ్బు ఒకే సంచీలో ఉంచండి. అవసరమైతే రక్తమిచ్చే ఇద్దరి ఫోన్ నంబర్లు అందులోనే రాసి పెట్టండి.

* ఒకచోట నుంచి ఇంకోచోటికి పంపుతుంటే మూడు ప్రశ్నలు అడగండి. ఎందుకు పంపుతున్నారు? ఏం మందు, ఎన్ని గంటలకి ఇచ్చారు? అక్కడికి ఫోన్ చేశారా? జవాబులు కాగితం మీద రాయించుకోండి.

* మొదటి నుంచీ పక్కనున్న మనిషే వెంట వెళ్లాలి. అది అత్తగారు కావచ్చు, ఆశా అమ్మాయి కావచ్చు. చూసింది చెప్పగలిగేది ఆ మనిషే.

* రోడ్డు సరిగ్గా లేని కొండ ఊళ్లవాళ్లయితే నొప్పులొచ్చేదాకా ఆగకండి. నెలలు నిండకముందే ఆసుపత్రికి దగ్గరగా ఉన్న చుట్టాలింటికో, ఆసుపత్రివాళ్లు చూపించిన చోటికో చేరండి.

అమెరికా నుంచి తిరిగొచ్చాక, నెలలు నిండిన మా పక్కింటమ్మాయితో ఈ మాటలన్నీ చెప్పాను. వాళ్ల అత్తగారు మొదట మొహం ముడుచుకున్నారు, నేను ముడుచుకున్నట్టే. రెండ్రోజులాగి ఆవిడే వచ్చి, "సంచీ సర్దానమ్మా. రక్తానికి మా తమ్ముడు ఉన్నాడు, వాడిదీ అదే గ్రూపు. ఇంకేమైనా మర్చిపోయామా?" అని అడిగారు.

మీరు ఆసుపత్రిలో నర్సో, ఆయమ్మో, డాక్టరో అయితే మీకూ ఒక విన్నపం. రేపు మీ గుమ్మంలోకి ఎవరో ఒక పెద్దావిడ, చెమటలు కక్కుతూ, నెత్తుటి చీరతో, ఓ గర్భిణి వెంట రావచ్చు. ఆవిడ చేసింది తప్పే కావచ్చు. తిట్టాలనిపిస్తే రేపు తిట్టండి. ముందు మాత్రం, "అమ్మా, నువ్వు చూసింది చెప్పు" అని అడగండి.